ఎస్తేరమ్మ గారి ఎడమ సీటు

నా ఒంట్లో చదువుకున్న అవయవం ముక్కు ఒక్కటే. మిగతావన్నీ ఏడో తరగతి దగ్గరే బడి మానేశాయి. చేతులకు లెక్కలు రావు, కళ్ళకు ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు కనిపిస్తాయి, నోటి సంగతి నేను చెప్పడం ఎందుకు, యాంగోన్ రేవు పక్కన మా పేట బోటాటౌంగ్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. ముక్కు మాత్రం పండితుడు. మొన్న రేవు రోడ్డు మీద ట్రాఫిక్‌లో టాక్సీ ఆగిపోయి ఉంటే, ఈ ఏటి మొదటి వాన చినుకులు కాలుతున్న బానెట్ మీద పడ్డాయి. చుయ్యిమని ఆవిరి లేచింది. వేడి ఇనుము, కాస్త పెట్రోలు, నానిన పాత తోలు. నా టాక్సీలో తోలన్నది ఎక్కడా లేదు. అయినా నా ముక్కు దాన్ని ఎక్కణ్ణుంచో తెచ్చి ఆ వాసనలో కలిపింది. ముందున్న లారీ కదిలింది. నా చెయ్యి కిటికీలోంచి బయటికి వెళ్ళి డోరు మీద రెండుసార్లు దబదబమని కొట్టింది. వెనక కూర్చున్న పెద్దమనిషి ఉలిక్కిపడి ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదు, ఎస్తేరమ్మ గారు గుర్తొచ్చారు, అంతే.

ఆవిణ్ణి మీరు చూసి ఉండరు. ఆవిడ కారు నడుపుతుండగా ఎదురుపడ్డా చూసి ఉండరు, ఎందుకంటే స్టీరింగు వెనక ఆవిడ కనబడేవారు కాదు. సీటు మీద రెండు దిళ్ళు, వాటి మీద ఒక లావుపాటి డిక్షనరీ, దాని మీద ఆవిడ. బయటివాళ్ళకు ఒక వాన టోపీ, దాని కింద కళ్ళజోడు కనిపిస్తే గొప్ప. కారు దానంతట అదే వస్తోందనుకుని జనం పక్కకు తప్పుకునేవాళ్ళు. అలా తప్పుకోవడాన్ని ఆవిడ మర్యాద అనుకునేవారు. జీవితమంతా టైపింగు నేర్పిన మనిషి. యాంగోన్‌లో సగం ఆఫీసుల గుమాస్తాలు ఆవిడ చేతిలో వేళ్ళ మీద స్కేలు దెబ్బలు తిన్నవాళ్ళే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఉన్నవాడు మా వీధిలో పుట్టలేదు. నేను ఒకసారి అడిగాను. "అడిగినోళ్ళందరూ రెండు వేళ్ళతో టైపు కొట్టేవోళ్ళేరా," అన్నారు.

కారు వాళ్ళ నాన్నది. ఆయన సేక్కాన్ రేవులో, ఓడల నుంచి దిగే మూటలు లెక్కపెట్టే గుమాస్తా. ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆ కారు కొన్నాడట. ఎర్రది, రెండే సీట్లు, గుడ్డ పైకప్పు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే వీధికుక్కలు దాని దీపాల్లోకి సూటిగా చూసి మొరిగేవి. అలాంటిది యాంగోన్‌లో ఇంకొకటి లేదని అందరూ అనేవారు. ఆ మాటే దాని పాలిట శాపమైంది. ఒక్కటే ఉన్నదాన్ని ఎవరు వాడుకుంటారు? మా ఊళ్ళో వాన అంటే చుట్టపుచూపుగా వచ్చేది కాదు, అద్దెకు దిగిన కుటుంబం. మే నెలలో సామాను దించితే అక్టోబరు దాటితే గాని ఖాళీ చెయ్యదు. మొదటి మబ్బు కనబడగానే ఆ నాన్నగారు కారును చెక్క దిమ్మల మీదికి ఎత్తి, టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించేసేవాడు. వానలు వెళ్ళాక చలికాలంలో విప్పి, తుడిచి, క్రిస్మస్‌కు చర్చిదాకా తీసుకువెళ్ళి తెచ్చేవాడు. ఎండాకాలం దుమ్ము. మళ్ళీ వాన. ఎస్తేరమ్మ గారి తల్లికి ఒకే ఒక్క కోరిక ఉండేది. ఆ కారులో నది అవతలి ట్వంటే ఊరి దాకా వెళ్ళి, అక్కడ కుమ్మరుల దగ్గర సొంతంగా ఏరుకుని ఒక నీళ్ళకుండ తెచ్చుకోవాలని. "వానలు ఎల్లనీయే," అనేవాడట ఆయన. అలా అంటూ అంటూ ఉండగానే ఆ తల్లి వెళ్ళిపోయింది. వానలు మాత్రం ఏటేటా వస్తూనే ఉన్నాయి.

నాన్న పోయాక కారు అక్కకూ తమ్ముడికీ చెరి సగం వచ్చింది. తమ్ముడు శామ్యూల్ గారు ప్రభుత్వ గోదాములో స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యారు. స్టోర్‌లోంచి ఒక మేకు బయటికి వెళ్ళినా కూతుర్ని అత్తారింటికి పంపినట్టు బాధపడే మనిషి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు, కింద ఆవిడ, మేడ మీద ఆయన. మధ్యలో షెడ్డులో టార్పాలిన్ కింద ఆ కారు. ఆవిడకు డెబ్బై దాటిన సంవత్సరం, నది ఒడ్డున ఉన్న పెద్ద హోటల్‌వాళ్ళు వచ్చి, కారును మాకివ్వండి, పాలరాతి హాల్లో దీపాల కింద, చుట్టూ ఎర్ర తాడు కట్టి, ఏసీలో పెడతాం, ఇంక దానికి వానే తెలియదు అన్నారు. శామ్యూల్ గారికి మోక్షం కనిపించింది. ఎస్తేరమ్మ గారికి వాళ్ళమ్మ కనిపించింది.

"నీ సగం ఒట్టుకెల్లి ఓటల్లో పెట్టుకో. నా సగం వానలో తిరుగుతాది," అన్నారట ఆవిడ.

"కారు సగం ఎలా తిరుగుతాదక్కా? తుప్పట్టిపోతాది. అడుగు రేకు ఊడి రోడ్డు మీద పడిపోతాది."

"వానకాలం గొడుగు తడిసిపోతాదని ఇంట్లో దాసుకుంటావేటిరా?"

వారం రోజులు ఇల్లంతా ఇదే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక్క వానాకాలం ఆవిడ ఇష్టం. ఎక్కడికి వెళ్ళినా కారు, ఎవరూ తొయ్యకుండా, లాగకుండా, తనంతట తాను ఇంటికి రావాలి. ఒక్కసారైనా అలా రాలేకపోతే తాళం తమ్ముడిది, కారు హోటల్‌ది. వానలు వెళ్ళేదాకా అలా రాగలిగితే శామ్యూల్ గారు ఇంక జన్మలో నోరెత్తకూడదు.

ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చేటప్పటికి నేను టీ కొట్లో నిరుద్యోగిగా నవ్వులు పంచుతున్నాను. మా ఊళ్ళో బస్సు కండక్టర్ని స్పేరు అంటారు. అదనపు చక్రాన్నీ స్పేరే అంటారు, కాకపోతే దానికి గాలైనా కొడతారు. కొత్త బస్సులొచ్చి, ముందు డబ్బాలో డబ్బులు వేసి ఎక్కే పద్ధతి పెట్టాక మా జాతి మొత్తం ఒక్క రోజులో అంతరించిపోయింది. అన్నేళ్ళు ఫుట్‌బోర్డు మీద వేలాడిన నోరు ఊరుకోదు కదా. టీ కొట్లో కూర్చుని, లోపలికి వచ్చేవాళ్ళకు స్టాపులు చెప్పి, "లోపలికి జరగండి, ఇంకా చోటుంది" అని అరుస్తూ ఉంటే జనం నవ్వేవాళ్ళు. నవ్వినవాడు టీ ఇప్పించేవాడు. ఎస్తేరమ్మ గారు నవ్వలేదు. గుమ్మంలో నిలబడి గొడుగు మూశారు.

"ఒరే అప్పన్నా, నీ నోరు ఇస్తావేటి?"

"కొనుక్కుంటారా ఆంటీ, అద్దెకా?"

"అద్దెకే. కొంటే ఇంట్లో ఎక్కడ పెట్టుకునేది? నీ కళ్ళు కూడా గావాల."

కళ్ళెందుకో చెప్పాలి. మా దేశంలో బళ్ళు రోడ్డుకు కుడి పక్కన వెళతాయి. ఆ దొరగారి కారుకు స్టీరింగు కూడా కుడి పక్కనే. అంటే నడిపేవాళ్ళు కాలవ పక్కకు ఒత్తుకుని కూర్చుంటారు. ముందొక బస్సు ఉందంటే దాని వెనక గోడలాంటి డబ్బా తప్ప ఎదురేమొస్తోందో కనబడదు. చూడగలిగేది ఎడమ సీటులో ఉన్నవాడే. వాడు రమ్మంటే రావాలి, వద్దంటే మానాలి. అలాంటి స్టీరింగున్న కార్లలో మా ఊళ్ళో ఎన్ని కాపురాలు రోడ్డు మీద చెడ్డాయో నాకు తెలుసు. ఎడమ సీటులో కూర్చున్న భార్య వెళ్ళమంటే భర్త నమ్మడు, భర్త వద్దంటే భార్య వినదు. ఎస్తేరమ్మ గారు నన్ను నమ్మారు. ఆ నాటికి నన్ను నమ్మినవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి ఆ పని ఎలా మొయ్యాలో నాకు తెలియలేదు.

మొదటి రోజు బయలుదేరడమే పెళ్ళి ఊరేగింపు. గుడ్డ పైకప్పు కుట్లన్నీ కారుతున్నాయి. కారు లోపల ఆవిడ తల మీద గొడుగు పట్టుకోవడం నా మొదటి ఉద్యోగ బాధ్యత అయింది. అద్దం తుడిచే పుల్ల ఆవిడ వైపు ఒక్కటే తిరిగేది. నా వైపు నా చెయ్యే తిరిగేది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో అద్దం, మెడ బయటికి సాచి రోడ్డు. ఆవిడ క్లచ్చు వదిలిన తీరుకు నా నాలుక కరుచుకుంది.

"బస్సు దాటొచ్చా?"

"దాటొచ్చు. కాదు, ఆగండి. లారీ. ఇప్పుడు రండి, రండి రండి."

"ఒక్కసారి సెప్పు. మూడుసార్లు సెప్తే మూడు బస్సులు దాటాలేటో అనుకుంటాను."

బస్సులో మాకో భాష ఉండేది. రేకు మీద ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లు కొడితే పో. అది నా చేతిలో ఎముకలా కలిసిపోయింది. నోటితో చెప్పే లోపలే చెయ్యి డోరు మీద పడేది. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పటికి ఎడమ డోరు మీద నా అరచేతంత సొట్ట. శామ్యూల్ గారు టార్చిలైటు, పసుపు గుడ్డ పట్టుకుని షెడ్డు దగ్గర నిలబడి ఉన్నారు. తడిసిన బిడ్డను తుడిచినట్టు కారును తల నుంచి మొదలుపెట్టి తుడుస్తూ సొట్ట దగ్గర ఆగారు.

"ఏటిది?"

"రెండుసార్లు కొట్టాను అంకుల్. పొమ్మని."

"పోయింది కదా. ఇంక నువ్వూ పో," అన్నారు.

ఆ వానాకాలం అంతా ఇంతే. ఎస్తేరమ్మ గారు వాన కోసం ఎదురుచూసేవారు. తెరిపిగా ఉంటే బయటికి తీసేవారు కాదు. "ఎండలో ఎవుడైనా నడుపుతాడు," అనేవారు. చేపల బజారుకు, కంటి డాక్టరు దగ్గరికి, పాత శిష్యుల ఇళ్ళకు, ఏమీ లేకపోతే నది ఒడ్డుకు వెళ్ళి వానలో పడవలు చూసి రావడానికి. కారు దారిలో దగ్గేది, తుమ్మేది, ఒకసారి చేపల బజారు నడిమధ్య పేలింది కూడా. పక్కనే బేరమాడుతున్న ఒకావిడ చేతిలో పీత జారిపోయింది. అయినా ప్రతిసారీ ఇంటికి తనంతట తానే వచ్చేది. నా సొట్టలు పెరుగుతూ వచ్చాయి. శామ్యూల్ గారి టార్చిలైటు బ్యాటరీలు మార్చుకుంటూ వచ్చింది.

ఆవిడ నాకు నేర్పిన మొదటి సంగతి ఆ రోజుల్లోదే. ఒకసారి సిగ్నలు దగ్గర ఒక ఇంగ్లీషు బోర్డు చూపించి చదవమన్నారు. అద్దం మీద నీళ్ళున్నాయి ఆంటీ, కనబడట్లేదు అన్నాను. నా వైపు అద్దం మీద అప్పటికి చుక్క నీరు లేదు, నేనే తుడిచాను. మర్నాటి నుంచి ఆవిడ దారిలో ప్రతి బోర్డుకూ కారు నెమ్మదించేవారు. వెనక వాళ్ళు హారన్లు కొట్టి చంపేవాళ్ళు. "ఆ బోర్డు సదివితే కదుల్తాను," అనేవారు తాపీగా. నా వెనక ఒక నగరం మొత్తం తిట్టుకుంటూ నిలబడి ఉంటే నేను అక్షరాలు కూడబలుక్కున్నాను. అంత గొప్ప బడిలో చదివినవాడు ఇంకొకడు ఉండడు. 'పార్కింగు చెయ్యరాదు' నా మొదటి పాఠం. అది చదివేదాకా మేం అక్కడే పార్కింగు చేసి ఉన్నాం.

వానలు ఇంక వెళ్ళిపోతాయనగా, దీపాల పండుగ దగ్గర పడుతుండగా ఒక పొద్దున ఆకాశం నల్లగా మూసుకుంది. ఆవిడ డిక్షనరీ, దిళ్ళు సర్దుకుని, వాన టోపీ పెట్టుకుని వచ్చారు.

"ఇయాల ట్వంటే."

"ఈ వానకా?" మేడ మీది నుంచి శామ్యూల్ గారు.

"వానకే. ఎండకైతే అమ్మ ఎప్పుడో ఎల్లుండును."

ఆయన నెమ్మదిగా, "సాయంత్రం ఓటల్ మేనేజరు వస్తాడు. ఒప్పందం ఇంకొక్క వారమే కదా, కారు ఓసారి సూసిపోతాడు," అన్నారు. ఆవిడ విననట్టు తాళం తిప్పారు.

నగరానికి పడమట ఉన్న వంతెనలు దాటి, రెండు పక్కలా మునిగిన పొలాల మధ్య నుంచి వెళ్ళాం. వెళ్ళడం ఏ గొడవా లేకుండా వెళ్ళాం. ట్వంటేలో కుమ్మరి పాకలో ఆవిడ కుండల్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, ఒకటి వద్దని, ఇంకోటి వద్దని, చివరికి ఒక నల్లటి కుండ ఏరుకున్నారు. బేరమాడలేదు. నేను వెళ్ళేవాళ్ళను గదమాయించి ఎక్కించుకునే అలవాటులో బేరం మొదలుపెట్టబోతే చేత్తో ఆపారు. కుండను నా ఒళ్ళో పెట్టి, "బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకో. సొట్టపడేది కాదిది," అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు వాన ముదిరింది. ఒకచోట రోడ్డు ఏది, కాలవ ఏది తెలియకుండా నీళ్ళు నిలిచాయి. ఆగకుండా, ఒకే వేగంతో, నెమ్మదిగా పోతే దాటేస్తాం. ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. నీళ్ళు సగం దాటాం. కుడి పక్క బస్సు స్టాపు. రేకు కప్పు కింద జనం ముడుచుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలోంచి ఒక ముసలాయన ముందుకు వచ్చి చెయ్యెత్తాడు.

ఇంకెవరైనా అయితే ఆ చెయ్యి చూసి జాలి పడి ఊరుకునేవారు. నా ఒంట్లో అన్నేళ్ళ స్పేరు ఉన్నాడు. ప్యాసింజరు చెయ్యెత్తితే నా చెయ్యి డోరు మీద పడుతుంది. పడింది. ఒక్కటే దెబ్బ. ఆగు అని.

ఆవిడ ఆపారు. ఆ వానాకాలం అంతా నా దెబ్బను ఒక్కసారి కూడా అనుమానించని మనిషి ఎందుకు ఆపరు? నీళ్ళు ఇంజన్లోకి వచ్చాయి. కారు ఒకసారి వణికి చల్లారిపోయింది.

"ఏటొచ్చింది ఎదురు?" అన్నారు ఆవిడ.

నేను ముసలాయన్ని చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఆయన్ని చూశారు. ఆయన ఇంకా చెయ్యెత్తే ఉన్నాడు.

"రెండు సీట్ల బండిలో ఎక్కడ ఎక్కించుదామనిరా?"

"లోపలికి జరిగితే చోటుంటుంది ఆంటీ," అంది నా నోరు. నేను కాదు.

ఒక లారీవాడు ఆగి, తాడు చూపించి, ఊళ్ళోకి లాక్కుపోతాను ఎక్కండి అన్నాడు. తాడుతో లాగించుకుంటే ఒప్పందం పోయినట్టే, ఆ తరవాత కట్టేది హోటల్లో ఎర్ర తాడే. ఆవిడ తల అడ్డంగా ఊపారు. లారీ వెళ్ళిపోయింది. ఆవిడ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, బానెట్ ఎత్తి, వాన టోపీ కింద తల మీద కట్టుకున్న రుమాలు విప్పారు. మా ఇద్దరిలో పొడిగా ఉన్న గుడ్డ అదొక్కటే. వైర్లన్నీ ఒకటొకటిగా తుడిచారు. నేను కుండను చంకన వేసుకుని ఇంజను మీద గొడుగు పట్టాను. తాళం తిప్పితే బ్యాటరీ నీరసంగా మూలిగింది తప్ప ఇంజను కదల్లేదు. తోస్తే అంటుకుంటుంది. కాని తోసేదెవరు? చీకటి పడబోతోంది. ఆవిడ మొహంలోకి చూశాను. ఆ మొహంలో కారు లేదు. నా చంకలో ఉన్న కుండను చూస్తున్నారు.

అప్పుడు నా దగ్గరున్న ఏకైక చదువు వాడాను. కుండ ఆవిడ చేతికిచ్చి, నీళ్ళలో నిలబడి, పొట్టలోంచి గాలి తీసి, నగరం నడిబొడ్డు స్టాపు పేరు మొదలుపెట్టాను. "సూలే, సూలే, సూలే. ఖాళీ, ఖాళీ. ఎక్కండి, ఎక్కండి." ఆ పిలుపు విని ఎంతకాలమైందో ఆ జనానికి. గంటలకొద్దీ బస్సు కోసం నిలబడి ఉన్నవాళ్ళకు ముందు కాళ్ళు కదిలాయి, తరవాత బుర్ర కదిలింది. నీళ్ళలోకి దిగి వచ్చేశారు. వచ్చాక చూస్తే బస్సు లేదు, బొమ్మలాంటి ఎర్ర కారు, అందులో ఒక ముసలమ్మ, కుండ. ఒకడు తిట్టాడు. ఒకడు నవ్వాడు. నవ్వు గెలిచింది.

"ఎక్కాలంటే ముందు తొయ్యాలి," అన్నాను బర్మా భాషలో.

తోశారు. కారు తుమ్మింది, దగ్గింది, అంటుకుంది. గట్టుకెక్కాక ఆవిడ బ్రేకు వేసి ఆపారు, ఇంజను ఆపకుండా. తోసినవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టారు. తరవాత నా వైపు తిరిగి, "ఆ ముసలాయన ఏడి?" అన్నారు.

"ఆంటీ, చోటు లేదు."

"సెయ్యెత్తినోడ్ని ఒదిలెల్తే నువ్వేటి స్పేరువి?"

ఆయన్ని వెనక, మడిచిన పైకప్పు మీద కూర్చోబెట్టాం. పైకప్పు మడిచేశాక తడవనిది ఏమీ మిగల్లేదు. ఆయన ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో నా జుట్టు పట్టుకుని, బోటాటౌంగ్ దాకా రాజులా వచ్చాడు.

ఇంటి ముందు శామ్యూల్ గారు, పక్కన తెల్లచొక్కా హోటల్ మేనేజరు. కారు తనంతట తాను గేటు దాటి వచ్చింది. శామ్యూల్ గారి మొహంలో కోపం కంటే ముందు ఊరట కనబడింది, అది నేను చూశాను. అంతలో ముసలాయన దిగి, లుంగీ పిండుకుని, వినయంగా, "అమ్మా, మళ్ళీ ఆగిపోతే మా స్టాపు దగ్గరే ఆగండి. మేం తోస్తాం," అని వెళ్ళిపోయాడు.

నేను కల్పించుకున్నాను. "తోసింది కారును కాదు అంకుల్, నీళ్ళని—"

"నోరు ముయ్యి," అన్నారు ఎస్తేరమ్మ గారు. "తోసినార్రా సామూ. తనంతట తాను రాలేదు." తాళం తీసి తమ్ముడి చేతిలో పెట్టారు. కుండ తీసుకుని మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ అంత చిన్నగా ఉంటారని నాకు ఆ రోజే తెలిసింది.

మేనేజరు శామ్యూల్ గారి దగ్గర తాళం అందుకుని కారు చుట్టూ తిరిగాడు. మంచి కుర్రాడే, మర్యాదగానే చెప్పాడు. ఎడమ డోరు సొట్టలన్నీ తీయించి, రంగు కొత్తగా వేయిస్తామన్నాడు. సీట్ల తోలు మార్పిస్తామన్నాడు. "ఇంజను తీసేస్తాం. పాలరాయి మీద నూనె కారకూడదు కదా. బానెట్ మూసి ఉంటే లోపల ఏముందో ఎవరికీ తెలియదు."

శామ్యూల్ గారు పసుపు గుడ్డతో తుడుస్తున్నవారు ఆగారు. "తీసిన ఇంజను ఏం చేస్తారు?"

"జాగ్రత్తగా స్టోర్‌లో పెడతాం."

స్టోర్‌లో జాగ్రత్తగా పెట్టిన వస్తువు ఏమవుతుందో ఆ ఊళ్ళో శామ్యూల్ గారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. జీవితమంతా అదే చేశారు. ఆయన సొట్టల్ని ఒక్కొక్కటే చేత్తో తడిమారు. తరవాత మేనేజరు వేళ్ళలోంచి తాళాన్ని, చిన్నపిల్లవాడి నోట్లోంచి గుండీ తీసినట్టు, నెమ్మదిగా తీసేసుకున్నారు.

"ఈ సొట్టలు తియ్యడానికి లేదు," అన్నారు. "ఇవి ఈ ఏటివి."

మేనేజరుకు అర్థం కాలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు. శామ్యూల్ గారు మెట్ల దగ్గరికి వచ్చి తాళాన్ని అక్క ఒళ్ళో కుండలో వేశారు. అది అడుగున ఠంగుమంది.

"ఒచ్చే వానకి ముందు అడుగు రేకు సూపించాల. నానే ఒట్టుకెల్తాను," అన్నారు. అని గబగబా మేడెక్కేశారు.

ఎస్తేరమ్మ గారు కుండలోకి చెయ్యి పెట్టారు. కాసేపు తియ్యలేదు.

ఆ తరవాత ఆవిడ కంటికి మసక ముదిరింది. ఒక రోజు కారు దగ్గరికి వచ్చి నేరుగా ఎడమ డోరు తెరుచుకుని కూర్చున్నారు. నేను గొడుగు పట్టుకుని నిలబడిపోయాను. "ఎంతసేపు నిలబడతావు? అటెల్లి కూకో. డిచ్చినరీ తీసి పక్కన పెట్టు, నీకు అక్కర్లేదు. కాళ్ళు ఉన్నాయి కదా," అన్నారు. అలా స్టీరింగు పట్టుకున్నాను. జీవితంలో అంతవరకు ఇతరులు నడిపే బండికి వేలాడిన మనిషిని. మసక కంటితోనే ఆవిడ ఎడమ సీటులోంచి నన్ను నడిపించారు. రమ్మంటే వచ్చాను. ఒకసారి ఆవిడ రమ్మన్న చోట ఎదురుగా లారీ ఉంది. నేను ఆగిపోయి, ఆంటీ, లారీ అన్నాను. "సూసినావు కదా. ఇంక నా నోరెందుకు," అన్నారు. మరుసటి నెల నాకు లైసెన్సు వచ్చింది. కాగితం మీద నా పేరు నేనే చదువుకున్నాను.

రెండు వానల కిందట, మంచి కుండపోతలో ఆవిడ వెళ్ళిపోయారు. శవపేటిక వెనక ఎర్ర కారును శామ్యూల్ గారు నడిపారు, పైకప్పు తీసేసి. నేను ఎడమ సీటులో కూర్చుని ముందేముందో చెప్పాను. ఆయన ఇప్పటికీ వానొస్తే ఏడుపుమొహంతో కారు బయటికి తీస్తారు, వచ్చాక అర్ధరోజు తుడుస్తారు. రెండూ మానలేరు.

నాకు మిగిలినవి కొన్ని ఉన్నాయి. చెయ్యెత్తినవాణ్ణి చూస్తే నా టాక్సీ ఆగిపోతుంది, లోపల ప్యాసింజరు ఉన్నా సరే. తిట్లు తింటాను. సిగ్నలు దగ్గర కొత్త బోర్డు కనిపిస్తే పెదాలు కదులుతాయి. అన్నిటికంటే ఎక్కువగా, ఎక్కిన ప్రతివాళ్ళకూ ఉపన్యాసం ఇస్తాను. దాచుకున్నది మన వస్తువు కాదని, వాడి అరగదీసుకున్నదే మనదని. ఎస్తేరమ్మ గారి మాటల్ని కాస్త మసాలా కలిపి చెబుతాను. వినేవాళ్ళు కూడా బాగానే తల ఊపుతారు.

కిందటి నెల ఎర్ర కారు అడుగు రేకు అతికించడానికి షెడ్డులో ఉంటే, శామ్యూల్ గారు నా టాక్సీలో సమాధుల తోటకు బయలుదేరారు. దారి పొడుగునా ఆయనకూ అదే ఉపన్యాసం. ఆయనకే చెప్పడంలో నాకు కొంచెం గెలుపు కూడా ఉంది. మీ అక్క దగ్గర నేను నేర్చుకున్నది ఇదే అంకుల్, వస్తువన్నది వాడుకోవడానికే అని ముగించాను. ఆయన చెమట తుడుచుకుంటూ సీటు మీద ఇటూ అటూ కదిలారు. కదిలినప్పుడల్లా కింద కరకరమని చప్పుడైంది.

"బాగా సెప్పినావురా అప్పన్నా," అన్నారు. "కొని మూడేళ్ళయింది. ఈ సీట్ల మీద కంపెనీ ప్లాస్టిక్ తియ్యొద్దని కూడా మా అక్కే సెప్పిందేటి?"